జోజి మాస్టారి తోట

జూన్ 5, 1955. ఆదివారం. అమలాపురం

వార్డులో ఈ రోజు ఒక ముసలాయన కాలి పుండు కడిగాను. పురుగులు తీశాను. రోత పుట్టలేదు. ఏ పుండు చూసినా నాకు పుట్టదు. మనుషులు మర్యాదగా మాట్లాడుతుంటే పుడుతుంది.

చర్చి అయ్యాక ఏసుపాదం గారింటికెళ్లి అడిగాను. ఇక్కడి సంఘపెద్ద, పదెకరాల కొబ్బరి, నాన్నకి చిన్నప్పటి స్నేహితుడు. నాకు పాస్‌పోర్టు రావాలంటే ఆస్తి ఉన్నవాళ్లు ఎవరో ఒకరు పూచీ ఉండాలి. నేను ఇంగ్లండులో దిక్కు లేకుండా పడితే వెనక్కి తెచ్చే భారం నాది అని సంతకం పెట్టాలి. ఆయన అంతా విన్నారు. అలాగేనమ్మా, తప్పకుండా అన్నారు. తరవాత మామిడిపళ్ల సంగతి ఎత్తారు. ఆ తరవాత మనవడి దగ్గు సంగతి. బయటికొచ్చేసరికి నా చేతిలో నాలుగు మామిడిపళ్లు ఉన్నాయి, సంతకం లేదు.

కాదు అనే మాట ఈ సీమలో ఎవరి నోటా రాదు. తినడానికి ఏదో ఒకటి చేతిలో పెడతారు. అదే కాదు అనడం. పళ్లు హాస్టల్లో ఆయాకి ఇచ్చేశాను.

జూన్ 9

డాక్టరమ్మ మళ్లీ కూర్చోబెట్టి చెప్పింది. తెల్లావిడ, చాలా ఏళ్లుగా ఈ ఆస్పత్రిలోనే ఉంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ అందులో అండీ ఉండదు. అందుకే ఆవిడ మాట వింటుంటే నాకు హాయిగా ఉంటుంది.

అమెరికా నాకు కుదరదు. ఎక్స్చేంజి వీసా మీద నర్సుల్ని పిలుస్తారు కానీ ముందే రిజిస్టర్డ్ నర్సు అయి ఉండాలి, రెండేళ్లు కాగానే మూటాముల్లే సర్దుకుని వచ్చెయ్యాలి. మన గవర్నమెంటు స్కాలర్‌షిప్పుకి డిగ్రీ కావాలి, పైగా వచ్చాక వాళ్లకే పని చేస్తానని బాండు. ఇంగ్లండుకైతే వీసాయే అక్కర్లేదు. కామన్‌వెల్తు కాబట్టి ఇండియా పాస్‌పోర్టు చాలు. మూడేళ్లు స్టూడెంట్ నర్సు, చదువుతున్నన్నాళ్లూ స్టైపెండు, గది, తిండి. పాసైతే స్టేట్ రిజిస్టర్డ్. ఆ పైన అక్కడే ఏ ఆస్పత్రిలోనైనా ఉద్యోగం చేసుకోవచ్చు, పొమ్మనేవాడు లేడు. సీటు వచ్చింది. అక్టోబరు బ్యాచ్. ఓడ టిక్కెట్టు మిషను ఫండు ఇస్తుంది. పూచీ మాత్రం ఆవిడ ఉండలేదు, ఇక్కడ ఆవిడకి సెంటు భూమి లేదు.

నా దగ్గరున్న సర్టిఫికెట్టు మిషను ఆస్పత్రుల్లో తప్ప ఎక్కడా చెల్లదు. పూచీ దొరక్కపోతే ముసలిదాన్నయ్యేదాకా ఈ వార్డులోనే, ఈ బెడ్‌పాన్లతోనే.

జూన్ 19. ఆదివారం. మా ఊరు

శలవు పెట్టి మలికిపురంలో బస్సు దిగి నడిచి వచ్చాను. నాన్న పేటలో మిషను బడి మాస్టారు, అందరికీ జోజి మాస్టారు. పూచీ సంగతి చెప్తే సుబ్బరాజు గారిని అడుగుదాం అన్నారు. మా తాత ఆయన తండ్రి దగ్గర పాలేరు. ఊరి పొలంలో సగం ఆయనదే.

నాకు వెళ్లాలని లేదు. కిందటేడు ఆయన తల్లికి మంచంలో పుళ్లు పడితే నా శలవంతా వాళ్లింట్లోనే గడిచింది. ఆవిడ వీపు నా చేత్తో కడిగాను. ఆవిడ మలం నేనెత్తాను. నాకు కాఫీ పోసే గ్లాసు మాత్రం పెరటివైపు చూరులో ఉండేది. తాగి, కడిగి, మళ్లీ చూరులో పెట్టాలి. ఆవిడ పోయేముందు నా చెయ్యి పట్టుకుని నువ్వు నా కూతురివే అంది. ఆ రోజు కూడా గ్లాసు చూరులోనే ఉంది.

వెళ్లాం. నాన్న కండువా నడుముకి కట్టుకుని గుమ్మం కింద నిలబడ్డారు. నాకు ఒళ్లు మండింది. రాజుగారు మాత్రం ఒక్క మాటకే ఒప్పుకున్నారు. మా అమ్మకి చేసిన చాకిరీకి ఇదెంత అన్నారు, కాయితం మీద అక్కడే సంతకం పెట్టారు. ఇంట్లోంచి అరిటాకులో బూరెలు వచ్చాయి. వద్దంటే ఊరుకోరు. నిలబడే తిన్నాం.

సంతకం దొరికింది. సంతోషించాలి. బూరె గొంతులో అడ్డంగా ఉంది.

జూన్ 20

నాన్న పొద్దున్న ప్రార్థనలో రాజుగారి పేరు రెండుసార్లు తలుచుకున్నారు. నా పేరు ఒకసారి.

జూలై 12

రాజోలు తాలూకాఫీసు నుంచి కబురు. పూచీదారుకి తగిన ఆస్తి లేదని రిపోర్టు వెళ్లిందట.

ఆస్తి లేదట! సుబ్బరాజు గారికి!

జూలై 14. మధ్యాహ్నం

శలవు అడిగి ఊరికి పరిగెత్తాను. జరిగింది ఇది. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఎంక్వయిరీకి వచ్చాడు. ఈ మధ్యే అనంతపురం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. రాజుగారు వరండాలో కుర్చీ వేసి కొబ్బరినీళ్లు ఇచ్చి మాట్లాడారు. తమకి ఆస్తి ఏపాటి ఉంటుందని ఆయన అడిగాడు. మాకేముందండీ, తమ దయవల్ల రెండు పూటలా గడిచిపోతోంది అన్నారు రాజుగారు. పొలం? పూర్వం ఉండేదండీ. తోటలు? ఏవో నాలుగు చెట్లండీ. ఆయన అలాగే రాసుకుని నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

మన వైపు మనిషైతే నవ్వి, ఊరంతా తమదే అని తనే రాసుకునేవాడు. అనంతపురంలో ఏమీ లేదంటే ఏమీ లేదనే అర్థం కాబోలు.

నేను అడిగితే రాజుగారు నొచ్చుకున్నారు. నిజంగానే నొచ్చుకున్నారు, నటన కాదు.

"మనకుందని మన నోటితో ఎలా చెప్పుకుంటామమ్మా? ఊళ్లో ఎవర్నడిగినా చెప్పేవోరు కదా."

ఇంకోసారి వస్తే చెప్తారా అని అడిగాను. అలాగేనమ్మా అన్నారు. లోపలికి కేకేసి పనసతొనలు తెప్పించారు. తొనలు చూడగానే నాకు అర్థమైపోయింది. వినయం కొంత, గవర్నమెంటు మనిషి ముందు లెక్క చెప్పాలంటే భయం కొంత. భూమికి లిమిటు పెడతారని పేపర్లో పడ్డప్పటినుంచి ఈ చుట్టుపక్కల పెద్ద రైతులందరూ పేదవాళ్లయిపోయారు.

జూలై 16. రాజోలు

ఇన్‌స్పెక్టరునే వెళ్లి కలిశాను. అతనికి నమస్కారం పెట్టడం కూడా సరిగా రాదు. కూర్చో అన్నాడు. ఏం తింటావని అడగలేదు. బతికాను అనుకున్నాను.

ఊరంతా తెలుసు అనేది కాయితం మీద రాయడానికి పనికిరాదన్నాడు. పైగా తాలూకా లెక్కల్లో రాజుగారి పేరున నిజంగానే పెద్దగా ఏమీ లేదట. అన్నీ చెయ్యి మారిపోయాయి. ఇంతకీ మీ నాయనే ఉండొచ్చు కదా పూచీ అన్నాడు. నేను నవ్వాను. మా నాన్న బడిపంతులు, ఆయనకి గొడుగు తప్ప ఆస్తి లేదన్నాను. అతను నవ్వలేదు. కాలవ గట్టు మీద నాలుగెకరాల కొబ్బరితోట జోజి అనే మనిషిది కాదా అన్నాడు.

కాలవ గట్టు తోట రాజుగారిది. దాంట్లో రాలిన మట్టలు ఏరుకున్నందుకు చిన్నప్పుడు కాపలావాడి చేతిలో దెబ్బలు తిన్నాను.

తండ్రే పూచీ అయితే ఇంకా మంచిదట. కాకపోతే చావిడిలో నలుగురి ముందు తోట నాదని నోటితో చెప్పి సంతకం పెట్టాలి.

జూలై 17. ఆదివారం

నాన్నని అడిగాను. తెలుసన్నారు. మూడేళ్ల కిందట రాజుగారు పిలిచి రాజోలు రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లి సంతకం పెట్టించారట. తన భూమి పాలేర్ల పేర కొంత, వంటమనిషి పేర కొంత రాయించేశారు. నాన్నకి సంతకం వచ్చు కాబట్టి ఆయనకి మంచి తోట. పెట్టినందుకు పంచెలచాపు ఇచ్చి భోజనం పెట్టారు. చట్టం గొడవ తేలాక మళ్లీ వెనక్కి రాసెయ్యాలి.

మూడేళ్లుగా ఇంట్లో ఒక్కరికీ ఎందుకు చెప్పలేదని అరిచాను.

"మనది కానప్పుడు ఏమని చెప్పనమ్మా నీకు?"

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తొంగిచూసింది. ఆ తోట మనదేనా అని అడిగింది. కాదు అన్నారు నాన్న. అమ్మ మళ్లీ పొయ్యి ఊదుకుంది.

జూలై 24. ఆదివారం

వారమంతా ఆలోచించి ఈ రోజు మాట్లాడాను. ఒక్క మాట చెప్పండి నాన్నా అన్నాను. అబద్ధం ఎలా చెప్పను అన్నారు. అబద్ధం సంతకం పెట్టినప్పుడే అయిపోయింది కదా అన్నాను. అప్పుడు నన్ను ఎవరూ అడగలేదమ్మా, పెట్టమన్నారు, పెట్టాను, ఇప్పుడైతే అడుగుతారు కదా అన్నారు.

చేత్తో చేసింది అబద్ధం కాదు, నోటితో అంటేనే అబద్ధం. నలభై ఏళ్లు బైబిలు చదివి తేల్చుకున్నది ఇదీ. ఉన్నాయన ఏమీ లేదంటాడు, అది వినయం. లేనాయన ఉందనాలి, అది పాపం. మధ్యలో నేను.

భయమా అన్నాను. భయం కాదన్నారు. నేను నమ్మలేదు. మీ నాన్న రాజుగారి పొలంలో చచ్చిపోలేదా, ఆ తోటలో ప్రతి మొక్కకీ తాత నీళ్లు మొయ్యలేదా, కావాలంటే అది మనది కూడా అన్నాను. నాన్న నా వంక చూశారు. చిన్నపిల్లలు బూతు మాట అన్నప్పుడు బడిలో చూసే చూపు.

నాకు నాన్న మీద రోత పుట్టింది. రాసేశాను. కొట్టెయ్యను.

జూలై 25

అమ్మ బస్సు దాకా వచ్చింది. బస్సు కదిలాక, ఆయన చేత చెప్పిస్తాలే అంది.

ఆగస్టు 4

డ్యూటీలో పిచ్చిదాన్నైపోయాను. మేట్రన్ రెండుసార్లు కసిరింది. ఇన్‌స్పెక్టరు పదో తారీకున ఊరికి వస్తాడు, అదే ఆఖరు. నెలాఖరుకి పాస్‌పోర్టు రాకపోతే ఓడ పోతుంది, సీటు పోతుంది.

అమ్మ కబురు పంపింది. నాన్న అన్నం మానేశారట. అలిగి కాదు, సయించక. నేను మాత్రం రెండు పూటలా మెస్సులో కడుపునిండా తింటున్నాను.

ఆగస్టు 10. బుధవారం. సాయంత్రం

చావిడి దగ్గర జనం. పాస్‌పోర్టు అంటే ఏమిటో చూద్దామని పేటవాళ్లూ, రాజుగారి వీధివాళ్లూ అందరూ వచ్చారు. కరణం గారు బల్ల దగ్గర. రాజుగారిని ఎవరు పిలిచారో, ఆయనా వచ్చారు. కుర్చీ వేశారు. నన్ను చూసి ఆప్యాయంగా తల ఊపారు. నాన్న కింద అరుగు చివర నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు పైకి రమ్మన్నాడు. రాలేదు. రెండోసారి గట్టిగా అంటే ఒక మెట్టెక్కారు.

నీ పేరు జోజియేనా, బడిపంతులువేనా, ఈ అమ్మాయి నీ కూతురా, అన్నీ అడిగాడు. అన్నిటికీ ఆయ్, ఆయ్ అన్నారు. కాలవ గట్టు నాలుగెకరాల తోట నీదేనా అన్నాడు.

అందరూ రాజుగారి వంక చూశారు. రాజుగారు తన కిర్రుచెప్పుల వంక చూసుకున్నారు. నీదా కాదా చెప్పవయ్యా అన్నాడు ఇన్‌స్పెక్టరు. నాన్న గొంతు కదులుతోంది. డిఫ్తీరియా పిల్లలు మింగలేక మింగుతుంటే అలాగే కదులుతుంది. నేను లేచి ఆపెయ్యొచ్చు. వద్దులెండి, నేను వెళ్లనులెండి అంటే అయిపోతుంది. అది నాకు ఆ క్షణంలోనే తోచింది. లేవలేదు.

"ఆయ్. తోట నాదేనండి."

గట్టిగానే అన్నారు. బడిలో ఎక్కం చెప్పినట్టు అందరికీ వినపడింది. ఇన్‌స్పెక్టరు రాజుగారి వైపు తిరిగి, ఊరి పెద్ద కదా, తమరేమంటారు అన్నాడు. అప్పుడు చూడాలి ఆయన ముఖం. కాదు అంటే దొంగ రిజిస్ట్రీ తన మెడకే చుట్టుకుంటుంది. చిరునవ్వు నవ్వారు.

"అవునండి. జోజిగారిదే."

మా నాన్నని రాజుగారు గారూ అనడం ఎవరం ఎప్పుడూ వినలేదు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న సంతకం పెట్టారు.

గెలిచాను. చెయ్యి కడుక్కోవాలనిపించింది.

ఆగస్టు 13

రాజుగారు బండెడు కొబ్బరికాయలు పంపించారు. మా గుమ్మం ముందు దింపించారు. పాలేరు వీరన్న వినయంగా చెప్పాడు, తమ తోట కాయలండీ, ఇన్నాళ్లూ మేం తెలీక తినేసేం, క్షమించమన్నారండీ అని. నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు.

నాన్న వాటిని తిరిగి బండికెత్తమన్నారు. వీరన్న ఎత్తలేదు. కాయలు అక్కడే ఉన్నాయి. నడవడానికి దారి లేదు.

ఆగస్టు 21. ఆదివారం

పేటలో పిల్లలు కూడా జోజిగారూ జోజిగారూ అంటున్నారు. తోట కాపలా రాజుగారు తీయించేశారు. రాత్రికి రాత్రి కాయలు పోతున్నాయి. చెట్టెక్కి కాయలు దింపు తీసేవాళ్లెవరూ నాన్న పిలిస్తే రారు. శిస్తు మాత్రం ఇకనుంచి నాన్నే కట్టాలని కరణం గారు మర్యాదగా కబురంపారు. ఎక్కడా ఎవరూ ఒక్క పరుషపు మాట అనలేదు.

మా ఊరి చర్చిలో, అమలాపురం నుంచి వచ్చిన ఏసుపాదం గారు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు, మన సంఘానికే పేరు తెచ్చావన్నారు. ఈయన ఇచ్చిన మామిడిపళ్లు నేను ఆయాకి పెట్టానని చెప్పాలనిపించింది. ప్రార్థన చెయ్యమని నాన్నని పిలిచారు. ఎప్పుడూ ఆయనే చేస్తారు. లేచి నిలబడ్డారు. కాసేపు ఉండి మళ్లీ కూర్చున్నారు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు అందరూ. వేరే ఎవరో చేశారు.

ఆగస్టు 29

పాస్‌పోర్టు వచ్చింది. ఫోటోలో నా ముఖం ఎవర్నో తిట్టబోతున్నట్టుంది.

సెప్టెంబరు 4. ఆదివారం

నాన్న రాజుగారి దగ్గరికెళ్లారు, తోట వెనక్కి రాసిస్తానని. నాతో చెప్పకుండా. వచ్చాక చెప్పారు. రాజుగారు వినలేదట. మీ తోట మీరు ఎవరికి రాసుకుంటారో నాకెందుకండీ జోజిగారూ అన్నారట. ఈసారి కుర్చీ వేసి కూర్చోమన్నారట. నాన్న కూర్చోలేదు. మా పిల్ల ఓడెక్కిందాకా ఆగి వస్తానన్నారట. అలాగేనండీ అన్నారట ఆయన.

అంటే నేను వెళ్లాక కాయితం తిరిగి రాసేస్తారు. నా పూచీ ఏమవుతుందని అడగబోయాను. అప్పటికి నేను ఇంగ్లండులో ఉంటాను, ఎవరూ పట్టించుకోరు అని నాకే తట్టింది. అది తట్టినందుకు ఊరట కలిగింది. ఆ ఊరట చూసి ఛీ అనుకున్నాను. అయినా ఊరట పోలేదు.

సెప్టెంబరు 9. నరసాపురం స్టేషను

సఖినేటిపల్లి రేవు దాకా నాన్న ఒక్కరే వచ్చారు. అమ్మకి ఏడుపు చూపించడం ఇష్టం ఉండదు, ఇంట్లోనే ఉండిపోయింది. పడవ ఇంకా అవతల గట్టునే ఉంది. నాన్న నా పెట్టె మీద చెయ్యేసి నిలబడ్డారు. వారం రోజులుగా అడగాలనుకున్నది అడిగేశాను. నామీద కోపమా అని. కాదన్నట్టు తల ఊపారు. పడవ ఇటు బయల్దేరాక చెప్పారు.

"ఆ మాటన్నాక ప్రార్థన రావట్లేదమ్మా. మోకాళ్లేస్తాను, నోరు తెరుస్తాను, రాదు. నువ్వు చెయ్యి."

చేస్తానన్నాను. పడవ వచ్చింది. పెట్టె ఆయనే ఎక్కించారు. ఆయన పంచె మోకాళ్ల దాకా తడిసింది. నేను వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా గట్టు మీదే ఉన్నారు. ఇంటికి వెళ్లండి అని అరిచాను, వినపడలేదు.

నాన్న మీద రోత పుట్టిందని రాసిన పేజీ రైలెక్కే ముందు మళ్లీ చదువుకున్నాను. అది నాన్న గురించి కాదు. కూతురి కోసం ఆయన దగ్గరున్నది ఒక్కటే ఒక్కటి, అది ఇచ్చేశారు. అడిగి మరీ తీసుకున్నాను.

సెప్టెంబరు 14. ఓడ

క్యాబిన్లో కొట్టాయం అమ్మాయి ఒకతె ఉంది. తనూ స్టూడెంట్ నర్సే. మీ నాన్న ఏం చేస్తారని ఇంగ్లీషులో అడిగింది. ఊరికే, మాటవరసకి. ల్యాండ్‌లార్డ్ అన్నాను. మాకు కొబ్బరితోట ఉందన్నాను.

పడుకునే ముందు మోకాళ్లేశాను. ప్రార్థన బాగానే వచ్చింది.